కొలువు ముగిసిన తరువాత కలం

పదవీ విరమణ పొందిన మనిషి ఇక కృష్ణా రామా అనుకుంటూ ఒక మూల కూర్చోవాలన్న అభిప్రాయం తెలుగునాట ఇంకా పూర్తిగా పోలేదు గాని, ఆ అభిప్రాయానికి ఆధారమైన వయసు లెక్క మాత్రం ఎప్పుడో తారుమారైంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసును 1983లో 55 ఏళ్ళకు తగ్గించి, ఉద్యోగుల ఆందోళన తరువాత తిరిగి 58కి మార్చిన ఉదంతం ఆనాటి వారికి గుర్తుండే ఉంటుంది. ఆ వయసు రాష్ట్ర విభజన జరిగిన 2014లో 60 అయింది, 2022 నుంచి 62గా ఉంది. తెలంగాణలో 2021లో అది 61కి పెరిగింది. ఇలా కొలువు విడిచి ఇంటికి చేరుతున్నవారిలో చాలామందికి చూపూ ఓపికా ఇంకా మిగిలే ఉంటాయి, నెలనెలా ఎంతో కొంత పింఛను వస్తుంది, పిల్లలు తమ దారి తాము చూసుకుని ఉంటారు. ఉద్యోగంలో చేరిన నాటినుంచి వాయిదా పడుతూ వచ్చిన కోరికలు అప్పుడే మళ్ళీ తలెత్తుతాయి. వాటిలో ఏదైనా రాయాలన్న కోరిక చాలా తరచుగా కనిపించేది, ఆచరణలో చాలా తరచుగా దారి తప్పేది కూడా.

సృజనాత్మక రచన అంటే కథ, నవల, నాటకం, కవిత, స్వీయచరిత్ర వంటి ప్రక్రియల్లో అనుభవాన్ని పాఠకుడు తానే అనుభవిస్తున్నట్లు రూపుకట్టించే రచన. సమాచారం ఇవ్వడంతో, అభిప్రాయం చెప్పడంతో ఆ పని పూర్తికాదు. ఈ తేడాను ముందుగా గుర్తించడం అవసరం, ఎందుకంటే వయసు మళ్ళినవారు గతాన్ని నెమరువేసుకోవడం మనిషి స్వభావంలోనే ఉన్న పని. దానిని మతిమరుపుకో చాదస్తానికో ముడిపెట్టే కాలంలో, అది జీవితాన్ని మొత్తంగా ఒకసారి తరచి చూసుకుని సమాధానపడే సహజ ప్రక్రియ అని అమెరికన్ మనోవైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో ప్రతిపాదించి, దానికి జీవన సమీక్ష అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. వృద్ధులు తమ పది, ముప్పయి ఏళ్ళ మధ్య జరిగిన సంగతులను తరువాతి దశాబ్దాల సంగతుల కంటే ఎక్కువగా, వివరంగా గుర్తు తెచ్చుకుంటారని ఆ తరువాత జరిగిన పరిశోధనలు కూడా చెబుతున్నాయి. అరవయ్యేళ్ళ మనిషికి నిన్నటి కూర ఏమిటో గుర్తు లేకపోయినా, తొలి ఉద్యోగంలో చేరిన రోజు తొడుక్కున్న చొక్కా రంగు గుర్తుండటంలో వింత లేదన్నమాట. అయితే జీవన సమీక్ష రాసేవాడికి ఊరట ఇస్తుందే గాని, చదివేవాడికి దానివల్ల ఒరిగేది ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. సాహిత్యం ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

విరమణ తరువాత కలం పట్టినవారు తెలుగులో సాధారణంగా ఏం రాస్తున్నారని చూస్తే, మూడు దారులు బాగా నలిగిపోయి కనిపిస్తాయి. ఒకటి శతకం, అంటే ప్రతి పద్యం చివరా ఒకే సంబోధన మకుటంగా వచ్చేలా నూరు, నూట ఎనిమిది పద్యాలు కూర్చడం. మరొకటి గీతకో భాగవతానికో సులభ వ్యాఖ్యానం. ఇంకొకటి వంశవృక్షంతో మొదలై మనుమల ఫొటోలతో ముగిసే కుటుంబ చరిత్ర. వీటిలో ఏదీ తక్కువ పని కాదు. ఆటవెలదిలోనో తేటగీతిలోనో నూరు పద్యాలు గణభంగం లేకుండా రాయగలిగిన చెవి వచనానికి కూడా మేలు చేస్తుంది. చిక్కు వేరే చోట ఉంది. ముప్పయ్యేళ్ళు నీటిపారుదల శాఖలో తూములూ లాకులూ చూసుకుంటూ, నీటి వంతుల కోసం అర్ధరాత్రి కాలువ గట్లమీద రైతుల పంచాయితీలు తీర్చిన మనిషి శతకం రాయడానికి కూర్చునేసరికి, ఆ కాలువా గట్టూ మనుషులూ మాయమై, పూర్వకవులు వాడి వాడి వదిలిన విశేషణాలు వచ్చి కూర్చుంటాయి. ఆ పద్యాలు మరొకరెవరైనా రాయగలరు, ఇప్పటికే ఎందరో రాశారు. ఆ కాలువ గట్టు సంగతి మాత్రం ఆయన తప్ప మరొకరు రాయలేరు.

విరమణ పొందిన రచయితకు ఉన్న అసలు పెట్టుబడి ఆయన చేసిన ఉద్యోగమే. తెలుగు కథ రైతునూ, కౌలుదారునూ, మధ్యతరగతి ఇంటినీ, బడిపంతులునూ చాలా దగ్గరగా చూసింది. రాచకొండ విశ్వనాథశాస్త్రి వంటి న్యాయవాది రాయబట్టి కోర్టు వరండాలనూ చూసింది. గిడ్డంగి గుమాస్తా, విత్తన పరీక్షాధికారి, ఆసుపత్రి ఫార్మసిస్టు, రైల్వే గ్యాంగుమన్, సబ్‌రిజిస్ట్రారు, బస్సు డిపో మేనేజరు చేసే పనులు లోపలినుంచి ఎలా ఉంటాయో దానికి తెలిసింది తక్కువ. ఆ పనుల్లో ఉన్నవారికి అప్పట్లో రాసే తీరిక లేదు, రాయగలిగినవారికి ఆ పనులు తెలియవు. ఉద్యోగ జ్ఞానాన్ని సాహిత్యంగా మలచవచ్చునని నమ్మడానికి బ్రిటిష్ నవలాకారిణి పెనెలోపీ ఫిట్జ్‌జెరాల్డ్ ఉదాహరణ ఒకటి చాలు. 1916లో పుట్టిన ఆమె తొలి పుస్తకం, ఒక చిత్రకారుడి జీవితచరిత్ర, 1975లోనూ, తొలి నవల 1977లోనూ వచ్చాయి. 1979లో ఆమెకు బుకర్ బహుమతి లభించింది. ఆ తొలి దశ నవలలకు ముడిసరుకు ఎక్కువగా ఆమె పనిచేసిన చోట్లే: ఒకటి పుస్తకాల దుకాణం, ఒకటి నటులను తీర్చిదిద్దే పాఠశాల, మరొకటి రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆమె ఉద్యోగం చేసిన బీబీసీ రేడియో కార్యాలయం. బాంబులు పడుతున్న నగరంలో వార్తలు ఆగకుండా చూసే చిన్న ఉద్యోగుల ఆందోళనలనూ, ఆకర్షణలనూ, అలకలనూ ఆమె దాదాపు నలభయ్యేళ్ళ తరువాత నవలగా రాసింది. ఆ ఆలస్యం వల్ల నవలకు నష్టం జరగలేదు, పైగా అనవసరమైనదంతా ఈలోగా జారిపోయింది.

ఇటువంటి ముడిసరుకు కథగా ఎలా మారుతుందో ఒక పనిని దగ్గరగా చూస్తే స్పష్టమవుతుంది. ఒకే పట్టాల జత మీద ఇరువైపుల బండ్లూ తిరిగే రైలు మార్గాల్లో, రెండు స్టేషన్ల మధ్య ఒక సమయంలో ఒక బండి మాత్రమే ఉండాలన్న నియమాన్ని కాపాడటానికి దశాబ్దాల పాటు టోకెన్ పద్ధతి వాడుకలో ఉండేది. స్టేషన్ మాస్టరు పక్క స్టేషన్‌కు గంట సంకేతం పంపి, అవతలి మాస్టరు అంగీకరించిన తరువాత, అంటే లైన్ క్లియర్ దొరికిన తరువాత, యంత్రం పిడి తిప్పితే అందులోనుంచి ఒక లోహపు గుండు బయటికి వచ్చేది; ఆ గుండు చేతిలో ఉన్న డ్రైవరుకే ముందుకు వెళ్ళే అధికారం ఉండేది. స్టేషన్‌లో ఆగని బండికి దానిని అందించడం కోసం గుండును తోలు సంచిలో వేసి, ఆ సంచిని పెద్ద పేము వలయానికి కట్టేవారు. ప్లాట్‌ఫారం అంచున నిలబడి ఒక ఉద్యోగి ఆ వలయాన్ని ఎత్తి పట్టుకుంటే, పరుగెత్తుతున్న ఇంజనులోని మనిషి చెయ్యి చాచి దానిని భుజానికి తగిలించుకుని, వెనుకటి స్టేషన్‌లో తీసుకున్న వలయాన్ని కింద పడవేసేవాడు. ఇంతవరకు చెప్పినది సమాచారం మాత్రమే, రైల్వే నిబంధనల పుస్తకంలో ఇంతకంటే వివరంగా దొరుకుతుంది. ఆ వలయం ఒక వాన రాత్రి చేతికి అందక జారి పట్టాల పక్క కంకర రాళ్ళలో పడితే బండి ఆగిపోక తప్పదు. లాంతరు పట్టుకుని గుండు కోసం వెతుకుతున్న పోర్టరుకు చత్వారం వచ్చిన సంగతి మాస్టరుకు తెలుసు, పైవారికి తెలియజేస్తే ఆ మనిషి ఉద్యోగం ఏమవుతుందో కూడా తెలుసు, ఆలస్యానికి కారణం రిజిస్టరులో రాయవలసినది మాత్రం ఆ మాస్టరే. కథ అక్కడ మొదలవుతుంది. ఆ రిజిస్టరులో ఆయన ఏం రాశాడన్నది, ఆ రాత డ్యూటీ దిగి ఇంటికి పోయాక ఎంతకాలం వెంటాడిందన్నది పక్క ఊళ్ళో కూర్చున్న వృత్తి రచయిత ఎంత ఊహించినా అందేది కాదు, ఎందుకంటే ఆ రిజిస్టరులో ఆ గడి ఒకటి ఉంటుందన్న సంగతే ఆయనకు తెలియదు.

అయితే కొలువు ముడిసరుకుతో పాటు ఒక అవలక్షణాన్ని కూడా ఇస్తుంది, అది భాష. కార్యాలయాల తెలుగులో పని జరుగుతుంది గాని, పని చేసినవాడు కనబడడు. సదరు ఉద్యోగి విధులకు గైర్హాజరైనందున సంజాయిషీ కోరడమైనది, సంజాయిషీ సంతృప్తికరముగా లేనందున తగు చర్య నిమిత్తము పై కార్యాలయమునకు నివేదించడమైనది అని రాస్తే, కోరినదెవరో, సంతృప్తి పడనిదెవరో, నివేదించినదెవరో తెలియకుండా వాక్యం నడిచిపోతుంది. ఉద్యోగ రక్షణకు ఆ వాక్య నిర్మాణం చాలా ఉపయోగకరం, దానిని అలవరచుకోనివాడు కొలువులో నెగ్గుకు రావడం కష్టమే. ముప్పయ్యేళ్ళు రోజుకు పది ఫైళ్ళ చొప్పున ఆ భాష రాసిన చెయ్యి కథ రాయడానికి పూనుకున్నప్పుడు, తండ్రి చావును వర్ణిస్తూ కూడా అంత్యక్రియలు జరిపించడమైనది అని రాసే ప్రమాదం ఉంది. ఇదే గైర్హాజరు సంగతి కథలో రావాలంటే, బల్ల ముందు నిలబడిన అటెండరు చేతిలో నాలుగు మడతలు పడిన సెలవు చీటీ, దానిమీద తేదీ దిద్దిన గుర్తు, అధికారి ఆ దిద్దుబాటు చూసి కూడా చూడనట్లు కళ్ళజోడు తుడుచుకోవడం, తరువాత ఇద్దరిలో ఎవరు ముందు నోరు విప్పారన్నది రావాలి. దీనినే సన్నివేశం అంటారు: కాలం, స్థలం, మనుషులు, వారి మాటలు ఒకచోట కలిసి పాఠకుడి కళ్ళ ముందు జరిగే భాగం. దీనికి భిన్నంగా, పదేళ్ళు గడిచాయి, బదిలీల మీద బదిలీలు అయ్యాయి అని తేల్చి చెప్పేది సంక్షేపం. రెండూ కావలసినవే గాని, విశ్రాంత ఉద్యోగుల రచనల్లో సన్నివేశం రావలసిన చోట సంక్షేపం వచ్చి కూర్చోవడం తరచుగా కనిపించే లోపం. సర్వీసు రిజిస్టరు రాసినంత పొందికగా జీవితమంతా నలభై పేజీల్లో అయిపోతుంది.

ఈ భాషా సంకెలను తెంచినవారిలో ముందు చెప్పవలసిన గిడుగు రామమూర్తి స్వయంగా విశ్రాంత ఉద్యోగే కావడం గమనించదగిన విషయం. 1863లో పుట్టిన ఆయన పర్లాకిమిడిలో మూడు దశాబ్దాలు ఉపాధ్యాయుడిగా పనిచేసి 1911లో విరమించుకున్నారు. వ్యావహారిక భాష, అంటే శిష్టులు నిత్యజీవితంలో మాట్లాడుకునే భాష, రచనలోకీ బోధనలోకీ రావాలన్న ఉద్యమాన్ని ఆయన ఊరూరా తిరిగి నడిపినదీ, 1919లో తెలుగు అనే పత్రికను తెచ్చినదీ, ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో శ్రమించి నేర్చుకున్న సవర భాషకు 1931లో వ్యాకరణ గ్రంథాన్నీ 1938లో నిఘంటువునూ వెలువరించగలిగినదీ ఆ విరమణ తరువాతి కాలంలోనే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు 72 ఏళ్ళ వయసులో ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్న మనిషి, ఆ తరువాతే నిఘంటువును వెలువరించారు. ఆయన రాసినది కథలూ కవితలూ కాకపోవచ్చు గాని, ఈనాటి విశ్రాంత తహసీల్దారు తన యాసలో తన ఊరి కథ రాసి పత్రికకు పంపగలగడం వెనుక ఆ ఏడాది తక్కువ ముప్పయ్యేళ్ళు, అంటే 1911 నుంచి 1940లో మరణించే దాకా ఆయన చేసిన కృషి కొంత ఉంది. అందువల్ల పదవిలో ఉన్నప్పుడు వాడిన గ్రాంథికచ్ఛాయల తెలుగునే రచనకు తగిన మర్యాదగల భాష అనుకోవడం ఆ కృషిని వృథా చేయడమే.

భాష తరువాత వచ్చే చిక్కు తీర్పు చెప్పే అలవాటు. అరవయ్యేళ్ళ మనిషికి తన జీవితంలో ఎవరు మంచివారో, ఎవరు మోసం చేశారో, ఏ బదిలీ అన్యాయమో ఖాయంగా తెలిసిపోయి ఉంటుంది; రాయడానికి కూర్చోగానే ఆ తీర్పులన్నీ వరుసగా బయటికి వస్తాయి. పాఠకుడికి సాక్ష్యం చూపకుండా తీర్పు వినిపిస్తే నమ్మకం కలగదు. దీనిని దాటిన తీరుకు ఐర్లండ్‌లో పెరిగిన అమెరికన్ ఉపాధ్యాయుడు ఫ్రాంక్ మెకోర్ట్ మంచి సాక్షి. న్యూయార్క్ నగర పాఠశాలల్లో దాదాపు మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పి విరమించిన ఆయన, లిమరిక్ పట్టణపు మురికివాడలో గడిచిన తన బాల్యాన్ని 1996లో, 66 ఏళ్ళ వయసులో, ఏంజెలాస్ యాషెస్ అనే పుస్తకంగా ప్రచురించాడు; మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. తాగుబోతు తండ్రినీ, ఆకలినీ, చనిపోయిన తోబుట్టువులనూ పెద్దవాడైన ఉపాధ్యాయుడు చెబితే అది ఆరోపణ పత్రం అయ్యేది. ఆయన ఆ కథనాన్ని చిన్న కుర్రవాడికి అప్పగించి, వర్తమాన కాలంలో చెప్పించాడు. కథను ఎవరి కళ్ళతో చూపిస్తున్నారో దానిని దృక్కోణం అంటారు; ఆ కుర్రవాడి దృక్కోణంలో తండ్రి తాగివచ్చి దేశభక్తి గీతాలు పాడించడం భయంకరమూ కాదు, క్షమార్హమూ కాదు, అది రోజూ జరిగే సంగతి. తీర్పు చెప్పవలసిన పని పాఠకుడి మీద పడింది, అందుకే అది గట్టిగా తగిలింది. తెలుగులో ఉద్యోగ జీవితం మీద రాసేవారు ఈ ఒక్క ఎత్తుగడను గ్రహించినా, తమ నిజాయితీని తామే పొగుడుకునే అధ్యాయాలు సగానికి తగ్గుతాయి.

జరిగినది జరిగినట్లు రాయాలా, కథగా మార్చి రాయాలా అన్నది ప్రతివారికీ ఎదురయ్యే ప్రశ్న. దీనికి తెలుగువారికి బాగా తెలిసిన సమాధానం పి.వి. నరసింహారావు ఇచ్చినది: 1996లో ప్రధానమంత్రి పదవి నుంచి దిగిన ఆయన 1998లో ది ఇన్‌సైడర్ అనే పుస్తకాన్ని జ్ఞాపకాలుగా కాక నవలగా వెలువరించారు. ఆనంద్ అనే నాయకుడు, అఫ్రోజాబాద్ అనే రాష్ట్రం కల్పితాలే అయినా, శాసనసభ్యుల బేరసారాలూ ముఖ్యమంత్రుల మార్పిళ్ళూ ఎక్కడివో పాఠకులకు తెలియకపోలేదు. పేర్లు చెప్పలేని సత్యాన్ని కల్పన మోయగలదని ఆ పుస్తకం చూపింది. సామాన్య ఉద్యోగికి కూడా ఈ జాగ్రత్త అక్కరకు వస్తుంది. బతికి ఉన్న పై అధికారి పేరు పెట్టి లంచం సంగతి రాస్తే పరువునష్టం దావా ఎదుర్కోవలసి రావచ్చు. అధికార రహస్యాల చట్టం 1923 నుంచి అమలులో ఉంది. కేంద్ర గూఢచార, భద్రతా సంస్థల్లో పనిచేసి విరమించినవారు తమ సంస్థ పనికి సంబంధించిన విషయాలు ప్రచురించే ముందు అనుమతి తీసుకోవాలని పింఛను నిబంధనలను 2021లో కట్టుదిట్టం చేశారు. ఈ భయాలు లేనిచోట కూడా, ఇద్దరు ముగ్గురు మనుషుల గుణాలు కలిపి ఒక పాత్రను చేయడం వల్ల రాసేవాడికి పగ మీద పట్టు సడలి, మనిషి మీద ఆసక్తి పుడుతుంది.

విరమణ అన్న మాటను ఉద్యోగాలకే పరిమితం చేస్తే, జీవితమంతా ఇంటి చాకిరీలో గడిపిన స్త్రీలు ఈ చర్చకు బయటే ఉండిపోతారు, వారికి విరమణ ఉత్తర్వు ఎవరూ ఇవ్వరు గనుక. ఇల్లూ ఉద్యమమూ ఉద్యోగమూ మూడూ మోసిన కొండపల్లి కోటేశ్వరమ్మ జీవితం ఈ సందర్భంలో ప్రత్యేకంగా తలచుకోదగినది. 1918లో పుట్టి, ఊహ తెలియని వయసులో వితంతువై, పునర్వివాహం చేసుకుని, కమ్యూనిస్టు ఉద్యమంలో రహస్య జీవితం గడిపి, భర్త విడిచిపోయిన తరువాత ముప్పయ్యేళ్ళు దాటాక మళ్ళీ చదువుకుని, కాకినాడలో ఆడపిల్లల వసతి గృహానికి మేట్రన్‌గా పనిచేసి విరమించిన ఆమె, కన్నబిడ్డలిద్దరినీ పోగొట్టుకున్న తరువాత రాసిన స్వీయచరిత్ర నిర్జన వారధి 2012లో వెలువడింది. అప్పటికి ఆమెకు 94 ఏళ్ళు. ఆ పుస్తకం గొప్పదనం అది చెప్పిన కష్టాల పరిమాణంలో లేదు. ఎవరిమీద కోపం తెచ్చుకోవడానికైనా పూర్తి హక్కు ఉన్న మనిషి ఆ హక్కును చాలా పొదుపుగా వాడుకోవడంలో ఉంది. పొడుగాటి అధ్యాయాలు కావలసిన చోట రెండు మూడు పేరాలతో ఆమె ఊరుకుంటుంది, ఆ ఊరుకోవడంలోనే పాఠకుడు ఆగిపోతాడు. పుస్తకం వచ్చిన తరువాత ఆరేళ్ళు బతికి, నూరేళ్ళు నిండాక 2018లో ఆమె కన్నుమూసింది. వయసు మీరిపోయిందన్న సాకు చెప్పేవారికి ఇంతకంటే జవాబు అవసరం లేదు.

సాధన విషయంలో చెప్పవలసినది కొద్దిగానే ఉంది. రోజూ ఒకే వేళకు ఒక పేజీ రాయడం ఆఫీసు వేళలకు అలవాటుపడిన శరీరానికి కష్టం కాదు. కష్టమల్లా రాసినదానిని రెండు నెలలు పక్కన పెట్టి, పరాయివాడి ఫైలు చూసినట్లు చూసి, అక్కరలేనిది కొట్టివేయడం. చదవకుండా రాయడం ఇంకొక జబ్బు. కథ ఎలా పుడుతుంది, ఎక్కడ చెడుతుంది అన్న విషయాలను కొత్తవారికి అర్థమయ్యేలా కాళీపట్నం రామారావు కథాకథనం అనే పుస్తకంలో వివరించారు. విశాఖపట్నంలో బడిపంతులుగా పనిచేసి విరమించిన ఆ రచయితే తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చాలన్న సంకల్పంతో 1997 ఫిబ్రవరిలో శ్రీకాకుళంలో కథానిలయాన్ని ప్రారంభించారు. ఏ ఉద్యోగం మీద, ఏ ప్రాంతం మీద ఇదివరకు కథలు వచ్చాయో తెలుసుకోదలచినవారికి అది తగిన చోటు. చెయ్యి వణికేవారూ చూపు తగ్గినవారూ నిరాశ పడవలసిన పని లేదు. చూపు పోయిన తరువాత కూడా చిలకమర్తి లక్ష్మీనరసింహం తాను చెబుతూ ఇతరుల చేత రాయించి రచన సాగించారు, ఆయన స్వీయచరిత్ర అలా వచ్చినదే. ఇవాళ మాట్లాడితే తెలుగు అక్షరాలుగా మార్చే సదుపాయం మామూలు ఫోనులోనే ఉంది, దాని తప్పులు దిద్దుకోవడానికి ఇంట్లో మనుమడో మనుమరాలో ఉంటే చాలు. చెప్పి రాయించడంలో ఒక అదనపు లాభం కూడా ఉంది: నోటికి తిరగని వాక్యం నోటికే తెలిసిపోతుంది, అందువల్ల నివేదించడమైనది వంటి మాటలు వాటంతట అవే తగ్గుతాయి.

అచ్చు విషయంలో తొందర మంచిది కాదు. షష్టిపూర్తికో సహస్ర చంద్రదర్శనానికో ముహూర్తం దగ్గరపడుతోందని సొంత ఖర్చుతో పుస్తకం వేయించి, తాంబూలంతో పాటు పంచితే, అందులో సగం ప్రతులు ఆటో సీట్లలోనే ఉండిపోతాయి. ఒక్క కథను పత్రికకు పంపి, అది తిరిగివస్తే కారణం ఆలోచించడం వెయ్యి ప్రతుల కంటే ఎక్కువ నేర్పుతుంది. నిన్నటివరకు తన సంతకం కోసం పదిమంది వేచి ఉన్న అధికారికి, పాతికేళ్ళ ఉపసంపాదకుడి తిరస్కారం మింగుడు పడకపోవచ్చు గాని, రచనలో హోదా సీనియారిటీ చెల్లవు.

కొన్ని ఉద్యోగాల విషయంలో మాత్రం తొందరే అవసరం. తంతి సేవ 2013 జులైలో ఆగిపోయింది. శుభాకాంక్షలకు ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క అంకె ఉండేదని, చావు కబురు పట్టుకుని వచ్చిన తంతి బంట్రోతును చూసి వీధి అంతా గుమిగూడేదని చెప్పగలవారు ఇప్పుడు తమ మనుమలకు మాత్రమే చెబుతున్నారు. బ్యాంకుల్లో ఇత్తడి టోకెన్లు పట్టుకుని జనం కూర్చున్న రోజులు, అర్ధ సంవత్సరపు లెక్కలు ట్యాలీ కాక తెల్లవారే దాకా లెడ్జర్లు తిరగేసిన రాత్రులు కంప్యూటర్లతో పోయాయి. సీసపు అక్షరాలను అరల్లోనుంచి ఏరి పేర్చిన కంపోజిటర్లు మిగిలింది బహు కొద్దిమంది. అన్నిటికంటే పెద్ద నష్టం గ్రామ లెక్కలది. అడంగల్ అంటే ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో రాసే లెక్క, తెలంగాణలో దానినే పహాణీ అంటారు. జమాబందీ అంటే ఏడాదికోసారి పై అధికారులు వచ్చి ఊరి లెక్కలు తనిఖీ చేయడం. జులైతో మొదలయ్యే ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. ఈ మాటలు చట్టాల్లో, నిఘంటువుల్లో దొరుకుతాయి. జమాబందీకి ముందురోజు రాత్రి కరణం ఇంట్లో ఎన్ని దీపాలు వెలిగేవో, ఎవరి పొలం ఎవరి పేరుకు ఎలా మారేదో, ఆ మార్పిడి తరువాత రెండు కుటుంబాలు ఒకే వీధిలో ఎలా బతికేవో ఏ చట్టంలోనూ లేదు. 1984 జనవరిలో ప్రభుత్వం గ్రామాధికారుల పదవులను ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేసింది. ఆనాడు పాతికేళ్ళ వయసులో పదవి పోగొట్టుకున్న కరణానికీ పట్వారీకీ ఇప్పుడు 65 దాటాయి, వారి పెద్దలు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఇటువంటి పనులు చేసినవారు శ్రోతల్లో ఉంటే, తమకు గుర్తున్న ఒక్క రోజును, అది ఎంత మామూలు రోజైనా సరే, ఈ వారంలోనే కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాలి.